పలుగుమిట్ట మీద ఒక్కపొద్దు

రచయితలకు ఎడారి అంటే ఎందుకంత మోజో ఎవరైనా పరిశోధన చేయాల్సిన విషయమే. పంటలు పండే ఊళ్ళో పుట్టి, మూడుపూటలా తిని, ఇంటి పక్కనే కాలవ పారుతుంటే ఒక్క వాక్యం పుట్టనివాళ్ళు, గడ్డిపోచ మొలవని చోటికి వెళ్ళి కూర్చోగానే పేజీలకు పేజీలు రాసేస్తారు. అసలైన ఎడారి చూడాలంటే రాజస్థాన్ దాకా రైళ్ళు మారుకుంటూ పోవాలి. అంత ఓపిక లేని తెలుగు రచయితల కోసం దేవుడు పొదిలి అవతల పలుగుమిట్టను పెట్టాడు.

పొదిలిలో బస్సు దిగి, ఇంకో బస్సెక్కి, అదీ దిగి కాస్త నడిస్తే వస్తుంది పలుగుమిట్ట. ఎర్రటి గరపనేల, దాని నిండా తెల్లటి పలుగురాళ్ళు. వాన పడిన ఏడు సజ్జ, కంది పండుతాయి. పడని ఏడు ఏమీ పండదు. పడని ఏళ్ళే ఎక్కువ. అది ఎడారి కాదని అక్కడివాళ్ళకు తెలుసు గానీ, ఎండాకాలంలో వచ్చి చూసినవాణ్ణి నమ్మించడం కష్టం. మొదట ఎవరో పెద్దాయన అక్కడి పాత మిషన్ బంగళాలో ఒక వేసవి గడిపి నవల రాశాడు. 'ఆ ఎడారే నా చేత రాయించింది' అని ముందుమాటలో చెప్పుకున్నాడు. ఇంకేముంది, ఎండలు ముదిరితే చాలు, భుజాన సంచీ తగిలించుకుని ఎవరో ఒకరు దిగడం మొదలైంది. ఒకాయన ఒంటెలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడట. మేకలైతే ఉన్నాయండీ అని చెప్పారట.

ఎనభైల నడుమ ఒక ఏడు, రోహిణి కార్తెలో, రాజ్యం కూడా అలాగే వచ్చి దిగింది.

రాజ్యానిది సత్తెనపల్లి దగ్గర పత్తీ మిరపా పండించే ఇల్లు. వారపత్రికలకు సీరియల్స్ రాసేది. ఒక వారం ఆమె సీరియల్ రాకపోతే బస్టాండులో పుస్తకాల కొట్టువాణ్ణి ఆడవాళ్ళు నిలదీసేంత పేరు. ఆమె కథానాయకుడు ఆరడుగుల పైన ఉంటాడు, అతనికి పోర్టికోలో కారు ఉంటుంది, మేడమెట్ల మీద తివాచీ ఉంటుంది. రాజ్యం ఇంట్లో వీటిలో ఒక్కటీ లేదు. భర్త అంకమ్మరావు మిరపచేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "ఏం రాజ్యం, మీవాడు ఇవాళ ఏ దేశంలో ఉన్నాడు?" అని అడిగేవాడు.

అంతకుముందు చలికాలంలో రాజ్యం తల్లి సుబ్బరావమ్మ పోయింది. అప్పటినుంచి రాజ్యం కలం కదలలేదు. కార్లూ తివాచీలూ తలుచుకుంటేనే విసుగొచ్చింది. రాస్తే అమ్మ గురించే రాయాలనిపించింది. అమ్మ గొంతు పెద్దది కావడం ఎవరూ వినలేదు. కోతకొచ్చిన కూలీ ఆడవాళ్ళను కూడా అమ్మా అనే పిలిచేది. ఒకరి మనసు నొప్పించకుండా బతుకంతా గడిపిన అంత మంచి మనిషి మీద ఒక్క పుస్తకం రాయలేకపోతే ఇన్నాళ్ళూ రాసిందంతా దండగ అనుకుంది. కానీ కాగితం ముందేసుకుంటే కళ్ళంలో మిరపకాయల ఘాటుకు తుమ్ములు, పెరట్లో గేదె, వాకిట్లో కూలీలు. ఏదీ లేకపోతే తలలోనే రొద.

"నువ్వు కూడా ఆ ఎడారికేదో పోయిరారాదూ" అన్నాడు అంకమ్మరావు. "పత్తికి తెల్లదోమ పట్టింది, నీకేం పట్టిందో నాకు తెలియట్లేదు. దానికైతే మందు కొడుతున్నా."

వాళ్ళ ఊరి బళ్ళో పనిచేసే ప్రేమదాసు మాస్టారిది పలుగుమిట్టే. ఆయన కబురు పంపి బంగళా మాట్లాడిపెట్టాడు. కిరసనాయిలు స్టవ్వూ, బియ్యం, పప్పు, పచ్చళ్ళూ సర్దుకుని రాజ్యం బయలుదేరింది.

బంగళా తాళాలు రెబ్కమ్మ దగ్గర ఉంటాయి. యాభై దాటిన మనిషి, చర్చి సంఘంలో ఆడవాళ్ళకు బైబిలు వాక్యం చెప్పే పని చేస్తుంది. ఎంతోమంది రచయితలను చూసింది కాబట్టి వాళ్ళకు ఏం కావాలో ఆమెకు తెలుసు. గది ఊడ్చి, మంచం పడమటి కిటికీ దగ్గరకు జరిపి, కుండలో నీళ్ళు నింపి పెట్టింది. బంగళాను ఆనుకునే పల్లె. అందరూ కూలీనాలీ చేసుకునే క్రైస్తవులు, ఊరి రైతులు ఇళ్ళల్లోకి రానివ్వని కులాలవాళ్ళు. కొత్త మనిషి వచ్చిందని చూడ్డానికి ఆడవాళ్ళు వరండాలో చేరారు. వాళ్ళలోంచి పుల్లమ్మ గది గుమ్మం దాకా వచ్చింది. సంఘంలో పెద్ద అయిన దానయ్య కోడలు ఆమె. చేతిలో సత్తుగిన్నె, గిన్నెలో సజ్జ సంకటి ముద్ద, దాని మీద గోంగూర పచ్చడి.

"ఎండనపడి వచ్చారు. రెండు ముద్దలు తినండి అమ్మగారూ" అంది.

రాజ్యం నోటికి ఒక మాట వచ్చేసింది. దాన్ని వెతుక్కోనూ లేదు, ఆలోచించనూ లేదు.

"ఒక్కపొద్దమ్మా" అంది.

రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు కూలీలను పిలవడానికి పల్లెలోకి వెళ్ళినప్పుడు ఎవరైనా మంచినీళ్ళో మజ్జిగో ఇవ్వబోతే చెప్పే మాట అది. మీ ఇంట్లో మేం తినం అని మొహం మీద అనకుండా, ఉపవాసమని చెప్పి తప్పు దేవుడి మీదికి నెట్టేసే మాట. సుబ్బరావమ్మ ఆ మాట ఎంతో మెత్తగా అనేది. చిన్నప్పుడు అమ్మ వెంట వెళ్ళి వెళ్ళి రాజ్యం దాన్ని మర్యాదగానే నేర్చుకుంది. అది అబద్ధమని ఏనాడూ అనుకోలేదు. అనుకునే అవసరమే రాలేదు.

పుల్లమ్మ గిన్నె వెనక్కి తీసుకోలేదు. "దేనికమ్మా ఒక్కపొద్దు?" అని అడిగింది.

సత్తెనపల్లి వైపు ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అడగకపోవడం కూడా ఆ మర్యాదలో భాగమే. రాజ్యం తడబడి కిటికీలోంచి బయటికి చూసింది. ఎండకు మాడిన మిట్ట కనిపించింది.

"వాన కోసం" అనేసింది.

పుల్లమ్మ గిన్నె రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మా వానకా?" అంది.

రాజ్యం తలూపింది. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, చప్పుడు చేయకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు. రాజ్యం తలుపు దగ్గరగా వేసి స్టవ్ ముట్టించి ఇంత పప్పూ అన్నం వండుకుని తిన్నది. తినేలోపే ఆ మాట సంగతి మరిచిపోయింది.

మర్నాడు తెల్లవారుతుండగా మిట్ట ఎక్కింది.

ఏం చూడాలని వచ్చిందో ఆమెకే తెలియదు. చూడ్డానికి అక్కడ ఏమీ లేదు కూడా. అక్కడొకటి ఇక్కడొకటి తుమ్మచెట్టు, అడుగున ఎండిన వాగు, ఆకాశం. పొద్దు పొడవగానే పలుగురాళ్ళన్నీ ఒక్కసారి మెరిశాయి. తర్వాత ఆ మెరుపు కూడా పోయి, ఉత్త నేల మిగిలింది. రాజ్యం ఒక బండ మీద కూర్చుంది. వాళ్ళ వైపు నల్లరేగడి కాలికి పట్టుకుని ఇంటిదాకా వెంట వస్తుంది. నీళ్ళు పెట్టు, కలుపు తియ్యి, మందు కొట్టు అని పొద్దస్తమానం ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. ఈ నేల ఆమెను ఏమీ అడగలేదు. ఆమె వచ్చిన సంగతి కూడా పట్టించుకోలేదు. అంత హాయి ఆమె ఎన్నడూ ఎరగదు.

ఆ హాయిలోనే, ఎంతోసేపటికి, అమ్మ గొంతు వినిపించింది. చనిపోయే ముందటి నీరసపు గొంతు కాదు. కోత రోజుల్లో చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని వాకిట్లో నిలబడి, "రండమ్మా, ఎండెక్కకముందే పోదాం" అని పిలిచే గొంతు. రాజ్యానికి ఏడుపొచ్చింది. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని అట్ట మీద కాగితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఆపడమే కష్టమైంది. పొద్దున్నే మంచినీళ్ళ సీసాతో మిట్ట ఎక్కడం, ఎండ నెత్తికొచ్చేదాకా రాయడం, దిగి వచ్చి వండుకుని తిని పడుకోవడం, చల్లబడ్డాక మళ్ళీ ఎక్కడం. పెద్దాయన ముందుమాటలో రాసింది కోతలు కాదని ఒప్పుకుంది. ఇది నిజంగానే చెయ్యి పట్టుకుని రాయించే చోటు. ఒక పేజీలో ఇలా రాసుకుంది: 'ఇక్కడ మనిషి అలికిడి లేదు. మేక మెడలో గంట చప్పుడైనా లేదు. ఈ నిశ్శబ్దం ఈ నేలకు పుట్టుకతో వచ్చింది.' రాసి, రెండుసార్లు చదువుకుని మురిసిపోయింది. రచయితలు తమ వాక్యాలకు తామే మురిసిపోవడం మామూలే గానీ, ఆ వాక్యం నిజంగానే బాగుంది. అది నిజమా కాదా అన్నది వేరే సంగతి.

రోహిణి వెళ్ళి మృగశిర వచ్చింది. చినుకు లేదు. పల్లెవాళ్ళు ఎదురైతే రెండు చేతులూ జోడించి పక్కకు తప్పుకునేవాళ్ళు. రచయిత్రిని కదా, గౌరవం అనుకుంది రాజ్యం. ఇంతమంది రచయితలు వచ్చిపోతే చదువులేనివాళ్ళకు కూడా సాహిత్యం విలువ తెలుస్తుంది అని కూడా అనుకుంది. పాపం, ఆమె అమాయకత్వం ఆమెది.

ఒకరోజు మిట్ట మీద పెన్నులో ఇంకు అయిపోయింది. మధ్యాహ్నం కాకముందే, ఎప్పుడూ వచ్చే దారిన కాకుండా వాగు దారిన దిగింది. వాగు ఇసకలో మేకల మంద ఒకటి ఎదురొచ్చింది. మిట్టను చుట్టేసుకుని అంత దూరం నుంచి వస్తున్నాయి. మంద మొత్తం పక్కనుంచి పోయినా ఒక్క గంట మోగలేదు. రాజ్యం వంగి చూసింది. గంటలు ఉన్నాయి. ప్రతి గంటలోనూ పాత గుడ్డపేలిక కుక్కి ఉంది.

తోలుకొస్తున్న ఆడమనిషి రాజ్యాన్ని చూసి కంగారుపడి చేతులు జోడించింది. "చప్పుడైందా అమ్మా? మిట్ట మీదికి ఎవురినీ తోలనీటం లేదండీ. దగ్గరని ఇటు వచ్చా" అంది.

రాజ్యం పల్లె మీదుగా నడిచింది. మిట్టమధ్యాహ్నం. ఏ ఇంటి పొయ్యిలోంచీ పొగ లేదు. ఆడవాళ్ళు వసారాల్లో ఊరికే కూర్చుని ఉన్నారు.

రెబ్కమ్మ బంగళా వరండాలో చాట ముందు పెట్టుకుని కందులు ఏరుతోంది.

"రెబ్కమ్మగారూ, పల్లెలో పొయ్యిలు వెలగలేదేంటండీ?" అని అడిగింది రాజ్యం.

రెబ్కమ్మ చాట పక్కన పెట్టింది. "మీతో పాటు వాళ్ళూ ఒక్కపొద్దు ఉంటన్నారమ్మా" అంది. "పుల్లమ్మ పోయి చెప్పింది, మర్నాడు మీరు మిట్టెక్కేది చూశారు, ఆ రాత్రే అందరూ గుడికాడ కూడారు. ఎక్కడో సత్తెనపల్లి నుంచి, మన దేవుణ్ణి నమ్మని మనిషి, మన వానకోసం వచ్చి ఎండలో కూర్చుని ప్రార్థన చేస్తా ఉంటే మనం మజ్జాన్నం కూడు తింటే బాగోదనుకున్నారు. మీకు అడ్డం రాకూడదని మేకల్ని గూడా చుట్టుదారిన తోలుతున్నారు."

రాజ్యం వరండా మెట్టు మీదే కూలబడింది.

"దానయ్య మావ అయితే రాత్రిపూట ముద్ద గూడా మానేశాడు. వట్టి నీళ్ళ మీద ఉన్నాడు. అమ్మ విడిచినాకే నేను విడుస్తా అన్నాడు. కొడుకు జక్రయ్యేమో మార్టూరులో రాళ్ళ పనికి పోయి ఉండె. పుల్లమ్మ మాట ముసలాయన వినడు. నిన్నటినుంచి మంచం దిగలా." రెబ్కమ్మ గొంతు మారింది. "మీరే వచ్చి చెప్పాల. మీరు చెపితే తింటాడు. తినకపోతే ఈ వారం దాటడమ్మా."

"నేను ఒక్కపొద్దు ఉండటం లేదు" అంది రాజ్యం.

"తెలుసు" అంది రెబ్కమ్మ. "నా గది మీ గది పక్కదేగా. రోజూ మజ్జాన్నం పోపు వాసన వస్తానే ఉంది."

"మరి వాళ్ళకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? ఈ పల్లెలో పోయినేడు సగంమంది ఇంకో సగంతో మాట్లాడటంలా, బావికాడ తగువు. ఇప్పుడు అంతా ఒక్కచోట మోకరిస్తన్నారు. మీరు ఒక్కరు తిన్నంత మాత్రాన వాళ్ళ ప్రార్థన అబద్ధం అవుద్దా అనుకున్నా. ముసలాయన ఇంత పని చేస్తాడనుకోలా." ఆమె ఆగి, రాజ్యం మొహంలోకి చూసింది. కోపంగా చూడలేదు. అదే రాజ్యానికి ఇంకా కష్టమైంది. "ఏం చెపుతారో మీ ఇష్టం. ఆయన చేత తినిపించండి. అంతే నేనడిగేది."

దానయ్య ఇల్లు పల్లె చివర. అంత దూరమూ నడుస్తూ రాజ్యం ఒక్కటే ఆలోచించింది. ఒక్కపొద్దు ఇవాళ్టితో అయిపోయిందని చెపితే సరిపోతుంది. ముసలాయన తింటాడు. ఎవరి మనసూ నొచ్చుకోదు. పల్లె కలిసే ఉంటుంది, తన పుస్తకమూ ముగుస్తుంది. అమ్మ అయినా అదే చేసేది. అమ్మ ఎవరి మనసూ నొప్పించలేదు. ఇంత తేలిగ్గా దారి దొరికినందుకు ఆమెకు సంతోషం కలగాలి, కానీ కలగలేదు.

చుట్టింటి పంచలో నులకమంచం మీద పడుకుని ఉన్నాడు దానయ్య. పొడుగాటి మనిషి. కాళ్ళు మంచం దాటి బయటికున్నాయి. బుగ్గలు లోపలికి పోయాయి. రాజ్యాన్ని చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు. పుల్లమ్మ వెనక చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"వచ్చావా తల్లీ" అన్నాడు.

"తాతా, ఒక్కపొద్దు అయిపోయింది. ఇవాళ విడుస్తున్నా" అంది రాజ్యం. దారంతా అనుకున్న మాట కాబట్టి ఆగకుండా వచ్చింది. "నువ్వు కూడా తినాలి."

"వాన పళ్ళేదుగా."

"పడుతుంది తాతా."

దానయ్య కాసేపు ఆకాశం వైపు చూశాడు. "నువ్వు చెప్పినాక కాదనేదేముంది. పుల్లమ్మా, అమ్మకి పెట్టు. ఆమె ఒక ముద్ద తిన్నాక నేనూ తింటా" అన్నాడు.

పుల్లమ్మ మొహం విచ్చుకుంది. గబగబా లోపలికి పోయి, రాత్రి వండగా మిగిలిన సంకటి కుండ తెచ్చింది. చాప పరిచింది. రాజ్యం ముందు సత్తుపళ్ళెం పెట్టి ముద్ద వేసి, గుంట చేసి గోంగూర పచ్చడి పెట్టింది. మామగారికి ఇంకో పళ్ళెం పెట్టింది. ఇక తప్పించుకునే మాట ఏదీ లేదు. తప్పించుకోవాలని రాజ్యానికీ లేదు. చెయ్యి కడుక్కుని పళ్ళెం మీదికి వంగింది.

"ఉండు తల్లీ" అన్నాడు దానయ్య. "తినేముందు నీకో మాట చెప్పుకోవాల. మేము గుళ్ళో రొట్టె తీసుకోను ప్రభువు బల్లకి పోయేముందు ఎవురిమీదన్నా మనసులో ఏదన్నా ఉంటే వాళ్ళకి చెప్పుకుని పోతాం. కూడు ముందు గూడా అంతే."

రాజ్యం చెయ్యి ఆగింది.

"వయసులో ఉన్నప్పుడు మీ వైపు మిరప కోతలకి వచ్చేవాళ్ళం. పెద్దిళ్ళ ఆడవాళ్ళని చానామందిని చూశా. మంచినీళ్ళు ఇయ్యబోతే ఒక్కపొద్దు అనేవాళ్ళు. అది ఒక్కపొద్దు గాదని మాకు తెలుసు. మాకు తెలుసని వాళ్ళకీ తెలుసు. కసురుకునేవాళ్ళకంటే వాళ్ళే నయం గదా, పోనీలే అనుకునేవాళ్ళం." ఊపిరి కోసం ఆగాడు. "నువ్వొచ్చిన పొద్దు ఈ పుల్లమ్మ ఇంటికొచ్చి గిన్నె దించి ఆ మాటే చెప్పింది. నేను నవ్వా. ఒసే పిచ్చిదానా, అది ఒక్కపొద్దు గాదే, రేపు బస్సెక్కి పోద్ది చూడు అన్నా. నువ్వు పోలా. తెల్లారేసరికి మిట్టమీద ఉన్నావు. ఆ ఎండలో మా చేలకాడ మేమే కూర్చోలేం. నువ్వు కూర్చున్నావు. మర్నాడూ అంతే. అప్పుడు నాకు సిగ్గేసింది తల్లీ. ఎవురెవురో చెప్పిన అబద్ధాలన్నీ తెచ్చి నిజంగా ఉన్న మనిషి మీద పెట్టానే అని. అందుకే ముద్ద మానేశా. వాన కోసం గాదు, ఆ నవ్వు నవ్వినందుకు. అది మనసులో పెట్టుకోబాక."

పంచలో కోడి ఒకటి తిరుగుతోంది. పుల్లమ్మ దాన్ని అదిలించింది. రాజ్యానికి పళ్ళెం కనిపించడం మానేసింది, కళ్ళ నిండా నీళ్ళు. ఆమె ఏడుస్తోందని దానయ్య నొచ్చుకుని మాట మార్చబోయాడు.

"మిట్ట మీద ఏందో రాసుకుంటన్నావంటగా. ఏం రాస్తన్నావు తల్లీ?"

"మా అమ్మ గురించి తాతా."

"మంచిదా మీ అమ్మ?"

"మంచిదే" అంది రాజ్యం. "పల్లెలో ఎవరేం పెట్టబోయినా ఒక్కపొద్దు అనేది. నాకూ అదే అలవాటైంది."

ఆమె పళ్ళెం మీదినుంచి చెయ్యి తీసేసింది.

"నువ్వు నవ్వింది తప్పు కాదు తాతా. నేను ఒక్కరోజు కూడా ఉపవాసం లేను. రోజూ వండుకుని తిన్నాను. మిట్ట మీద నా రాత నేను రాసుకున్నాను. వాన మాట నాకు గుర్తే లేదు."

పుల్లమ్మ చేతిలో తెడ్డు ఆగిపోయింది. "నా కూతురు గూడా మజ్జాన్నం కూడు మానింది" అంది. "తినవే అంటే, ఆ అమ్మ మనకోసం మానింది గదా, నేనెట్టా తిననూ అంది." గొంతు పెంచలేదు. పెంచితే రాజ్యానికి ఇంకాస్త తేలిగ్గా ఉండేది.

"తప్పయిందమ్మా" అంది రాజ్యం. ఇక ఇక్కడ కూర్చునే మొహం లేదనిపించి పళ్ళెం ముందునుంచి లేవబోయింది.

"కూర్చో" అన్నాడు దానయ్య. "లేవబాక."

ఆమె కూర్చుంది. ముసలాయన మంచం కోడు పట్టుకుని కిందికి దిగాడు. పుల్లమ్మ పట్టుకోబోతే వద్దన్నాడు. మెల్లగా చాప మీదికి చేరి, తన పళ్ళెం ముందు కూర్చున్నాడు. రాజ్యం ఆయన వైపు చూడలేకపోయింది. ఆయన మాత్రం ఆమెనే చూశాడు.

"అయితే నేను నవ్వింది సరిగ్గానే నవ్వానన్నమాట" అన్నాడు. నిజంగానే చిన్న నవ్వు వచ్చింది ఆయనకు. కాసేపటికి అది పోయింది. "నా వయసంతా ఆ మాట ఇన్నా తల్లీ. అది అబద్ధమని ఎదురుగా కూర్చుని చెప్పిన మనిషిని ఇయ్యాలే చూశా."

"మావా, రేపు గుడికాడ ఏం చెప్పేది?" అంది పుల్లమ్మ.

"ఉన్నదే చెప్పేది. మనం కూడు మానింది వాన కోసం. ఈమె తిన్నా మానినా మన ప్రార్థన ఎటూ పోదు." ఆయన రాజ్యం పళ్ళెం వైపు చెయ్యి చూపించాడు. "తిను. నువ్వు తింటేగాని నేను తిననని చెప్పాగా. ఆ మాటైతే మారలా."

రాజ్యం సంకటి తుంచి పచ్చడిలో అద్ది నోట్లో పెట్టుకుంది. గుంటూరు మిరపకాయలు పండించే ఇంటి మనిషికి కూడా ఆ కారం నషాళానికి ఎక్కింది. కళ్ళలో నీళ్ళు తుడుచుకోలేదు. నమిలి మింగింది. అప్పుడు దానయ్య ఒక చిన్న ముద్ద చేసుకుని, కళ్ళు మూసుకుని పెదాలతో ఏదో అనుకుని, నోట్లో పెట్టుకున్నాడు. ఎన్నో రోజుల తర్వాతి మొదటి ముద్ద కదా, మింగడానికి కష్టపడ్డాడు. పుల్లమ్మ మంచినీళ్ళు అందించింది. రెండో ముద్ద కొంచెం తేలిగ్గా దిగింది.

రాజ్యం తింటూనే ఉంది. బంగళాలో మంచం మీద ఉన్న కాగితాల్లో, అమ్మ ఎవరి మనసూ నొప్పించలేదని ఎన్నిచోట్ల రాసిందో గుర్తొచ్చింది. అవన్నీ మళ్ళీ రాయాలి. అమ్మ మీద ప్రేమ ఇసుమంత కూడా తగ్గలేదు, అదే ఆమెకు ఆశ్చర్యం. మిట్ట మీద మనిషి అలికిడి లేదన్న వాక్యం ఒకటి ఉంది. దాన్ని కొట్టేయాలి. అలికిడి లేకుండా చేసినవాళ్ళ గురించి రాయాలి. ఇంకు తెచ్చుకోవాలి. ఇవన్నీ తర్వాత. ముందు ఈ అన్నం.

బయట ఎండ ఏమీ తగ్గలేదు. మబ్బు ఛాయ ఎక్కడా లేదు. రాజ్యం పళ్ళెం ఖాళీ అయింది. పుల్లమ్మ కుండ తీసుకుని దగ్గరకొచ్చింది. ఇంకా మొహం ఎత్తి చూడటం లేదు, కావాలా అని అడగనూ లేదు. తెడ్డుతో ఇంకో ముద్ద తీసి పళ్ళెంలో వేసింది. వేసేటప్పుడు చాలు చాలు అంటూ పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టడం ఎక్కడైనా మర్యాద.

రాజ్యం చెయ్యి అడ్డం పెట్టలేదు.